గేటు దగ్గర బల్ల

జంగయ్యకు కోపం రాదని వెన్నెల ఎన్‌క్లేవ్‌లో నలభై రెండు ఫ్లాట్లకూ తెలుసు. కారు అడ్డంగా పెట్టారేమని అడిగినందుకు ఒకాయన తాళాల గుత్తి మొహాన విసిరికొడితే, కింద పడ్డ గుత్తిని తీసి, యూనిఫాం చేతికి రుద్ది తుడిచి, "సార్, మీ తాళాలు" అని రెండు చేతులా అందించిన మనిషి. ఆ ముచ్చట కెమెరాలో అందరూ చూశారు. చూసి, తాళాలు విసిరినాయన్ని పల్లెత్తు మాట అనలేదు గానీ జంగయ్యను మాత్రం తెగ మెచ్చుకున్నారు. "కంట్రోల్ అంటే అదండీ, మిలటరీ వాళ్ళను చూసి నేర్చుకోవాలి" అన్నారు. మెచ్చుకోవడానికి ఏం ఖర్చు! జంగయ్య కూడా పిచ్చిమనిషే, ఆ మాటకు లోలోపల మురిసిపోయాడు. సైనిక్‌పురిలో గేట్ల దగ్గర నిలబడే మాజీ సిపాయిలు చాలామందే ఉన్నారు. వాళ్ళలో తను వేరని అతని నమ్మకం.

సోమవారం పొద్దున అసోసియేషన్ సెక్రటరీ నరసరాజు వాకింగ్ బూట్లతోనే గేటు దగ్గరికి వచ్చాడు. రెండో అంతస్తులో హిమజ గారి బంగారు బ్రేస్‌లెట్ కనిపించడం లేదట.

"పనివాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు బ్యాగులు చెక్ చెయ్యండి జంగయ్య గారూ. అందరివీ. మొహమాటాలు వద్దు."

"ఎస్ సార్."

జంగయ్యకు ఆ పని నచ్చలేదు. నచ్చని సంగతి పైవాళ్ళకు చెప్పడం అతనికి అలవాటు లేదు. అందుకని మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు. ఆడవాళ్ళు సంచి మూతి తెరిచి చూపిస్తే, అటు చూసీ చూడనట్టు చూసి, "ఆఁ, పొండి" అనేవాడు. శారదమ్మనైతే అదీ అడగలేదు.

శారదమ్మ మౌలాలి నుంచి వచ్చి ఇక్కడ మూడిళ్ళలో వంట చేస్తుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. పొద్దున్నే గేటు దాటుతూ "మిలిట్రన్నా, దుశ్మన్లు ఎవలన్న వచ్చిన్రా?" అని అడగనిదే లోపలికి పోదు. మధ్యాహ్నం తిరిగి వెళ్ళేటప్పుడు అతని నీళ్ళ సీసా ఎత్తుకుని నాలుగు గుక్కలు తాగి, డోరా మేడం ఇంట్లో పులుసు ఎలా కుదిరిందో, మూడో ఇంటి ముసలాయన ఉప్పు కోసం ఎలా పోట్లాడాడో చెప్పి నవ్వించి పోతుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. రాఖీ పున్నమికి రాఖీ కట్టేది కూడా ఆమే. భార్య పోయిన తర్వాత జంగయ్యకు దినానికి ఒకసారైనా నవ్వు వచ్చేదంటే ఆ కాస్సేపే.

బుధవారం నరసరాజు మళ్ళీ వచ్చాడు. ఫోన్ ముందుకు చాపి, కెమెరాలో పడ్డ దృశ్యాలు చూపించాడు.

"చూడండి, సంచిలోకి తొంగి చూసి పంపేస్తున్నారు. ఈ శారదమ్మనైతే అసలు ఆపనే లేదు. మీకూ ఆమెకూ స్నేహమని కొందరు అంటున్నారు. మీరు అలాంటివారు కాదని నాకు తెలుసు. కానీ అనేవాళ్ళ నోళ్ళు మూయలేం కదా. ప్రతి వస్తువూ బయటికి తీసి చూడాలి. ప్రతి ఒక్కటీ."

"ఎస్ సార్."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకో న్యాయం చేశాడని జంగయ్యను అన్నవాడు లేడు. చెంపమీద కొట్టినా అంత బాధపడేవాడు కాదు. తాళాలు మొహాన పడ్డప్పుడు కదలని మనిషి ఈ మాటకు కదిలిపోయాడు. చేసేదేదో సక్రమంగా చేసి చూపిద్దామనుకున్నాడు.

సక్రమంగా అంటే అతనికి తెలిసింది ఒకటే పద్ధతి. పటాలంలో కిట్ లేఅవుట్ అని ఉండేది. మంచం మీద దుప్పటి బిగించి పరిచి, బూట్లు, బెల్టు, మగ్గు, గడ్డం గీసుకునే సామాను, సూదీదారం దాకా తనకున్నవన్నీ వరుసలో పేర్చి, సిపాయి పక్కన నిటారుగా నిలబడాలి. ఆఫీసరు చూసి పోతాడు. అన్నీ కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి అనుమానానికి చోటుండదు. ఆ వరుస చక్కగా వచ్చిన రోజు సిపాయికి గర్వంగా ఉంటుంది. ఆడవాళ్ళకు కూడా ఇది మర్యాదగానే ఉంటుందనుకున్నాడు జంగయ్య. సంచి చిల్లరగా కెలకడం కంటే ఇది నయం కదా! క్లబ్ రూం నుంచి బల్ల మోసుకొచ్చి, దాని మీద ఉతికిన తెల్లదుప్పటి ముడత లేకుండా పరిచాడు. వంట చేసుకుని బతికే ఆడమనిషి సంచి సిపాయి పెట్టె కాదన్న సంగతి ఆ బుర్రకు తట్టనే లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు శారదమ్మ మెట్లు దిగి వచ్చింది. ఆమె వెనక మెట్లు కడిగే దేవకృప, ఇంకో ఇద్దరు. నరసరాజు ఒక పక్కన నిలబడ్డాడు. ఆ రోజు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్న హిమజ, ఏదో పార్సిల్ వచ్చిందని కిందికి దిగింది.

"ఇదేందన్నా, పెండ్లిచూపులకు ఏసినట్టు దుప్పటేసినవ్?" అంది శారదమ్మ నవ్వుతూ.

"సంచి ఇయ్యి చెల్లె. ఆర్డర్."

ఆమె నవ్వు ఆగింది. నరసరాజును చూసింది, బల్లను చూసింది, సంచి అతని చేతికి ఇచ్చింది.

జంగయ్య ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. దువ్వెన. బస్ పాసు. పిన్నీసుల గుత్తి. సగం తిన్న రస్కుల పొట్లం, మూతి రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది. కుట్లు ఊడిన లోపలి జాకెట్టు, తీరిక దొరికితే కుట్టుకుందామని తెచ్చుకున్నట్టుంది. దాన్ని కూడా అతను నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, బస్ పాసు పక్కన పెట్టాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శారదమ్మ నేల చూపులు చూసింది. చివరికి సంచి అడుగున దస్తీ గుడ్డలో చుట్టిన పొట్లం చేతికి తగిలింది.

"అవి మోకాళ్ళ నొప్పుల గోళీలన్నా" అంది శారదమ్మ మెల్లగా.

దస్తీ ముడి విప్పాడు. ఇటుకరంగు మాత్రల షీటు. జంగయ్య వాటిని చూడగానే గుర్తుపట్టాడు. అతని భార్య ఆరు నెలలు ఆ మాత్రలే మింగింది. పొద్దున్నే పరగడుపున లెక్కపెట్టి ఆమె అరచేతిలో వేసింది తనే. వీధిలో ఎవరైనా అడిగితే బలానికి గోళీలని చెప్పమనేది ఆమె. ఇవి మోకాళ్ళవి కావని జంగయ్యకు సూర్యుడంత స్పష్టంగా తెలుసు. శారదమ్మ ఎందుకు అబద్ధమాడుతోందో కూడా తెలుసు. వంటమనిషికి టీబీ అంటే ఎవరు ఉండనిస్తారు?

దస్తీ మళ్ళీ ముడేసి "ఆఁ, గోళీలు" అని సంచిలో పడేస్తే అయిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. అంతా ఒక్క క్షణం పని. ఆ ఒక్క క్షణంలో అతనికి పక్కనున్న నరసరాజు, పైనున్న కెమెరా, 'మీకూ ఆమెకూ స్నేహమట' అన్న మాట గుర్తొచ్చాయి. చేయి తన పని తను చేసుకుపోయింది. షీటును వెల్లకిలా తిప్పి, జాకెట్టు పక్కన, వరుస చెడకుండా పెట్టింది.

హిమజ బేగంపేటలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. పార్సిల్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోబోతూ బల్ల వైపు చూసి ఆగింది.

"ఇవి టీబీ ట్యాబ్లెట్స్ కదా? శారదమ్మా, నువ్వు మూడిళ్ళలో వంట చేస్తున్నావు!"

"మెడల గడ్డలకమ్మా" అంది శారదమ్మ. మెడ చుట్టూ ఎప్పుడూ కప్పుకునే కొంగు ఆమె చేతిలో నలుగుతోంది. "దగ్గు లేదు, ఏం లేదు. గిది అంటేది కాదన్నడమ్మా డాక్టర్ సాబ్. ఇంకొక్క నెల మింగితే అయిపోతది."

నరసరాజు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దేవకృప రెండడుగులు వెనక్కి వేసింది. నిన్నటిదాకా శారదమ్మ డబ్బాలోంచి తీసుకుని తిన్న మనిషే. జంగయ్య ఒక్కొక్క వస్తువే తీసి, ఏ వరుసలో బయటికి వచ్చాయో ఆ వరుసలోనే సంచిలో సర్దాడు. సంచి అందుకునేటప్పుడు శారదమ్మ అతని మొహం చూడలేదు.

ఆమె బస్టాపు చేరేలోపే మూడిళ్ళ నుంచీ ఫోన్లు వెళ్ళాయి, రేపటి నుంచి రావద్దని.

మర్నాడు ఆమె కాగితం పట్టుకుని వచ్చింది. డాక్టరు రాసిచ్చిన కాగితం. "జెర పైకి ఫోన్ చెయ్యన్నా. ఒక్కపాలి చూడుమను. సదువుకున్నోళ్ళు గద, చూస్తే తెలుస్తది."

జంగయ్య ఇంటర్‌కమ్‌లో మూడిళ్ళకూ చేశాడు. ఒకరు ఎత్తలేదు. ఒకరు విసుక్కున్నారు. మూడు వందల నాలుగో ఫ్లాటులో డోరా మేడం మాత్రం కాసేపు మాట్లాడింది. ఆమె స్కూలు టీచరు.

"మా అత్తయ్యకి ఎనభై ఏళ్ళు జంగయ్యా. నాకు భయంగా ఉంది. ఆ కాగితం ఫోటో తీసి పంపించు, మా డాక్టర్ గారిని అడుగుతాను. ఇప్పుడైతే పైకి పంపకు, ప్లీజ్."

ఆ మాట శారదమ్మకు చెప్పి, కాగితం ఫోటో తీసి మేడంకు పంపాడు. ఆమె అతని స్టూలు మీద కూర్చుంది. ఎండలో నడిచి వచ్చి రొప్పుతోంది. జంగయ్య సీసా ఇచ్చాడు. ఎప్పుడూ మూతి నోట పెట్టుకుని గటగటా తాగే మనిషి, ఆ రోజు సీసాను జానెడెత్తు ఎత్తి పోసుకుంది. సగం నీళ్ళు మెడమీద, కొంగుమీద కారాయి. గడ్డలున్న చోట కొంగుతో మెల్లగా అద్దుకుంది.

"మంచిగ తాగు చెల్లె" అన్నాడు జంగయ్య.

"వద్దులే అన్నా, మళ్ళ నీకెవలన్న ఏమన్న అంటరు." సీసా కింద పెట్టింది. "నువ్వేం పరేషాన్ గాకు. నీ మీద నాకేం లేదు. నీకేం తెల్సు పాపం, గోళీలంటే గోళీలే నీకు. రాత్రంత గదే అనుకున్న. తెలిస్తే మా అన్న గట్ల పెడ్తడా అనుకున్న. తెల్వక చేసిండు."

ఇప్పుడు చెప్పాలి. తెలుసని చెప్పాలి. జంగయ్య నోరు తెరిచాడు. ఆమె అతని మొహంలోకే చూస్తోంది, ఎనిమిదేళ్ళుగా చూసినట్టే, నమ్మకంగా. అతను నోరు మూసుకున్నాడు. అందరూ మెచ్చుకునే ఆ నిగ్రహమే, ఏ తేడా లేకుండా అలాగే పనిచేసింది.

శుక్రవారం అతనికి ముద్ద దిగలేదు. వచ్చిన కారుకు గేటు తీయడం మరిచి, వెళ్ళిపోయిన కారుకు సెల్యూట్ కొట్టాడు. మంచు కొండల్లో కాపలా కాసిన మనిషిని నేను, ఒక ఆడమనిషి ముందు ఒక్క మాట చెప్పలేకపోయానే అని తనను తాను తిట్టుకున్నాడు. అక్కడ ప్రాణం పోతుందనే భయం. ఇక్కడ ఆమె తనను చూసే చూపు పోతుందని భయం. రెండోదే పెద్దదని యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక తెలిసింది.

శనివారం బ్రేస్‌లెట్ దొరికింది. హిమజ వాళ్ళ వాషింగ్ మిషన్ తలుపుకుండే రబ్బరు మడతలో ఇరుక్కుపోయిందట, మెకానిక్ వచ్చి తీశాడు. అసోసియేషన్ గ్రూపులో దండాలు, పూలు, నవ్వు బొమ్మలు పడ్డాయి. సంచులు విప్పి చూపించిన ఆడవాళ్ళు ఆ గ్రూపులో లేరు కాబట్టి వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆదివారం క్లబ్ రూంలో మీటింగు పెట్టి, విధినిర్వహణలో ఎవరికీ తలవంచని మనిషి అంటూ నరసరాజు జంగయ్యకు శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య జంగయ్య తల వంచుకునే నిలబడ్డాడు. వినయం అనుకున్నారు.

మీటింగు అయ్యాక డోరా మేడం అతన్ని పక్కకు పిలిచింది.

"మా డాక్టర్ గారు రిపోర్టు చూశారు. గ్రంథులకు వచ్చే టీబీ అంటుకోదట, పైగా అయిదు నెలలుగా మందులు వాడుతోంది కదా. తొందరపడ్డాను జంగయ్యా. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాకు మొహం చెల్లక నేను వెళ్ళలేకపోతున్నాను. రేపొక పూట సెలవు పెట్టి, ఒకసారి వెళ్ళి చెప్పవా? మా ఇంటికి వచ్చేయమను. మిగిలిన రెండిళ్ళతోనూ నేను మాట్లాడతాను."

"చెప్తా మేడం" అన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

సోమవారం ఉదయం మౌలాలి గుట్ట కింద, రెండు మలుపులు తిరిగాక, శారదమ్మ ఇల్లు దొరికింది. ఒకటే గది, బయట రేకుల కింద గ్యాసు పొయ్యి. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అతన్ని చూసి గబుక్కున లేచింది.

"మిలిట్రన్నా! మా ఇల్లు ఎట్ల దొర్కింది? రా రా, కూసో." నులకమంచం మీది బట్టలు పక్కకు నెట్టి, చేత్తో దులిపింది.

జంగయ్య కూర్చుని డోరా మేడం మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. వింటూ వింటూ శారదమ్మ మొహం విప్పారింది. నమ్మలేక మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నాకెర్కే, ఆ మేడం మంచిది" అంది. "ఇంట్ల కోడలికి సుత చెప్పలే నేను. పని పోయేసరికి అడిగింది, చెప్పిన. నాలుగొద్దుల సంది నా గిలాస వేరే పెడ్తున్నది. మేడం సుత రమ్మన్నదంటే గప్పుడు దీనికి నమ్మకమైతది." పొయ్యి వెలిగించి చాయ్ గిన్నె పెట్టింది. "రేపే వస్తనని చెప్పు. ఆరున్నరకల్ల వస్త."

చాయ్ పొంగుతుంటే మంట తగ్గిస్తూ తనలో తనే నవ్వుకుంది. "మా కోడలు నిన్ను తిట్టిందన్నా. గట్ల నలుగురి ముంగట పెడ్తడా అని. నేను ఊకున్ననా? మా అన్నకు తెల్వదే పిచ్చిదానా, తెలిస్తే పానం పోయినా పెట్టడు అన్న."

అప్పుడు జంగయ్య లేచి నిలబడ్డాడు. ఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు పక్కలకు అంటుకుని ఉన్నాయి. గురువారం నుంచి గుండెలో ఇరుక్కున్నది ఇంక ఆగనంది.

"నాకు తెల్సు చెల్లె."

"ఏంది?"

"ఆ గోళీలు ఏం గోళీలో నాకు తెల్సు. మా ఇంటామె ఆర్నెల్లు గవే మింగింది. దస్తీ ఇప్పంగనే గుర్తువట్టిన."

శారదమ్మ చేతిలో చాయ్ వడపోసే జల్లెడ ఉంది. అది అలాగే గాలిలో ఉండిపోయింది.

"మోకాళ్ళ గోళీలని అంటి గద నేను."

"అన్నవ్."

"గప్పుడు సుత తెల్సా?"

"తెల్సు. ఆళ్ళు చూస్తున్నరని... నిన్ను ఇడిచిపెడ్తున్న అన్నరని... పెట్టిన." "మాఫ్ చెయ్యి చెల్లె. నీకు చెప్పకుంటే నేను బతకలేను."

చాయ్ పొంగి మంట మీద పడి చుయ్యిమంది. శారదమ్మ పొయ్యి కట్టేసింది. కోప్పడుతుందని, తిడుతుందని, ఆ జల్లెడ తీసి మొహాన కొడుతుందని ఎదురుచూశాడు జంగయ్య. కొడితే బాగుండుననుకున్నాడు. వీటన్నిటికీ అతను సిద్ధపడే వచ్చాడు.

"గిది నాకెందుకు చెప్పినవ్?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "తెల్వనోడు చేసిండనుకొనే నాలుగొద్దుల సంది ఇంత అన్నం తింటున్న. ఆళ్ళు పొమ్మన్నరు, ఆళ్ళు పరాయోళ్ళు, పోనీ అనుకున్న. కోడలు గిలాస వేరే పెట్టింది, నిన్న మొన్న వచ్చింది, పోనీ అనుకున్న. నా అన్న అసొంటోడు కాదు అనుకున్న. గదొక్కటే ఉండె నాకు. నీ పానం తేలికైతదని గది సుత గుంజుకుంటివి."

నిజం చెబితే సగం పాపం పోతుందనుకుని వచ్చాడు జంగయ్య. ఆ సగం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించనే లేదు.

"నేను ఆ నౌకరీ ఇడిచిపెడ్త చెల్లె. గేటు కాడ నేనుండ. నువ్వు పనికి రా."

"నువ్వు లేకుంటే ఆ గేటు లేకుంటదా? ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు ఆ బల్ల యాదికొస్తది. తెల్వక చేసినవనుకుంటే దాటుతుంటి." ఆమె చాయ్ గ్లాసులో పోసింది. ఇంటికి వచ్చిన మనిషికి ఇవ్వాలి కాబట్టి ఇచ్చినట్టు, మంచం కోడు పక్కన నేల మీద పెట్టింది. "మేడంకు చెప్పు, నేను రానని."

"చెల్లె..."

"చాయ్ తాగి పో."

చిక్కుడుకాయల చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేయలేదు. లోపల గోడకు ఆనుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుని, ఈనెలు తీయడం మొదలుపెట్టింది. భుజాలు కదలడం జంగయ్యకు కనిపించింది. ఏడుపు చప్పుడు మాత్రం బయటికి రాలేదు. నిగ్రహం తనకొక్కడికే ఉందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

చాయ్ ముట్టుకోవాలో వద్దో అర్థం కాలేదు. తాగితే ఏ మొహం పెట్టుకుని తాగినట్టు? తాగకపోతే, ఆమె చేతి చాయ్ వద్దన్నవాళ్ళలో తనూ ఒకడవుతాడు. కూర్చుని, గ్లాసు ఎత్తి, కాలుతున్నా ఆగకుండా ఖాళీ చేశాడు. గ్లాసు కడిగి బోర్లించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచాడు.

గుట్ట మెట్ల దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది. డోరా మేడం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. వస్తానంది అని చెప్పే మాట కోసం ఆమె కాచుకుని ఉంటుంది. ఆ మాట అరగంట క్రితం తన చేతిలోనే ఉండింది. రేపు ఆరున్నరకల్లా వస్తనంది, అని. జంగయ్య కింది మెట్టు మీద కూలబడ్డాడు. ఎక్కడినుంచి వచ్చిందో, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుపు వచ్చింది. ఆపుకుందామని ఒకసారి చూశాడు. ఈసారి ఆగలేదు. గుట్ట మీది దర్గాకు పోయేవాళ్ళు అతని చుట్టూ తిరిగి మెట్లెక్కి పోతున్నారు.

పక్కన గులాబీ పూలు అమ్ముకునే ముసలమ్మ చాలాసేపు చూసి, చేతిలో పూలగంప పక్కన పెట్టి, దగ్గరికి జరిగింది.

"ఏమైంది బిడ్డా? మీ ఇంట్ల ఎవలన్న పోయిన్రా?"

లేదని చెప్పబోయి ఆగాడు జంగయ్య.

"అవునమ్మా" అన్నాడు. "మా చెల్లె."